సాంచా మీద హార్ప్

నాకు పాటల పిచ్చి. శనివారం కోరుట్ల బడి వదిలి బస్సెక్కితే సిరిసిల్లలో మా ఇల్లు చేరేదాకా చెవుల్లో జాజ్, సోల్ మోగాల్సిందే.

మన పెళ్లి బ్యాండులో క్లారినెట్ ముందుంటుంది. నేను విన్న ఒక జాజ్ పాటలో ముందున్నది హార్ప్. మనిషికంటే ఎత్తైన చట్రం, నిలువు తీగలు. వాయించే ఆమె రెండు చేతులూ తీగలన్నిటి మీదుగా పోనిచ్చిందంటే డ్రమ్ములూ శాక్సఫోనూ నోరు మూసుకుని వెంట నడవాల్సిందే. వీడియో చూసిన రోజే అమ్మ గుర్తొచ్చింది. సాంచా పడుగు మీద మా అమ్మ చేయి కూడా అట్లాగే పోయేది.

సాంచా అంటే మా మరమగ్గం. పడుగు, అంటే నిలువు పోగుల వరస, అయిపోతే కొత్త పోగులను పాత కొసలకు ఒక్కొక్కటే అతకాలి. నలభై ఏళ్ల సాంచాల మోతకు బాపుకు చెవులు పోయాయి. అమ్మ అతుకుతుంటే పడుగు మీద చేయి ఆనించి, ఆ కదలికతోనే పని ఎంతవరకు వచ్చిందో చెప్పేవాడు.

మొదలుపెట్టిన చెయ్యే ముగించాలని మా ఇంట్లో పట్టింపు. అమ్మ సగం అతికి, జ్వరమని లేచింది. మళ్లీ కూర్చోలేదు, పోయింది. మూడు నెలలుగా బాపు ఆ సాంచా నడపలేదు, నన్నూ ముట్టనివ్వలేదు. అన్నం సగంలో వదిలేసేవాడు. ఇట్లయితే మనిషి దక్కడని నాకు భయం పట్టుకుంది.

ఓ ఆదివారం మధ్యాహ్నం కరెంటు పోయింది. వీధిలో సాంచాలన్నీ ఆగాయి. చిన్న బ్యాటరీ స్పీకరును అమ్మ సగంలో వదిలిన సాంచా మీద పెట్టి హార్ప్ పాట వేశాను. చెవులు లేని ఇంట్లో ఎవరి కోసమో, నా తిక్క.

బాపు వచ్చి అతికిన పోగుల మీద అరచేయి ఆనించాడు.

"మీ అమ్మ అతుకుతున్నది," అన్నాడు.

ఆయన చేయి పట్టి స్పీకరు మీద పెట్టి, అదురు దీనిదేనని చూపించాను. తల అడ్డంగా ఊపి, చేయి మళ్లీ పడుగు మీదే పెట్టాడు. పాట అయిపోయింది. స్పీకరు ఆపి ఒళ్లో పెట్టుకున్నాను. ఆయన చేయి తీయలేదు.

"ఆగు బిడ్డా. ఇంకా ఐపోలే."

ఫ్యాను తిరగడం లేదు. వీధిలో ఒక్క సాంచా కూడా ఆడటం లేదు. చాలాసేపటికి చేయి తీశాడు.

"ఇప్పుడు లేసింది. ఇగ నువ్వు కూసో. మిగిలినయి అతుకు."

అమ్మ పీట మీద కూర్చున్నాను. ఏడుపొచ్చింది, అంతకంటే ఎక్కువ భయమేసింది. ఆమె వేసిన ఆఖరి ముడి పక్కనున్న పోగు అందుకున్నాను. అది నా వేళ్ల మధ్య వణుకుతోంది.