చాచా పెనానికి నేను కొట్టిన ఒక్క దెబ్బ

నా చిన్నప్పుడు, దేశాల నడుమ పెద్ద జంగు నడుస్తున్న రోజుల్ల, మా పక్కింటి చాచా పట్నం నుంచి బాన్సువాడకు తిరిగొచ్చిండు. పట్నంల విమానాలు బాగుచేసే షెడ్డుల రేకులను ఒకదానికొకటి బిగించే రివిట్లు కొట్టేటోడట. ఆ మోతకు ఆయన చెవులు రెండూ పోయినయి. మాట వినపడదు గాని, రేకు మీద అరచెయ్యి ఆనిస్తె అవతలి దిక్కు గోటితోని గీకినా తెలిసిపోయేది.

మా ఊళ్లె విమానాలు ఏడున్నయి? బెల్లం వండే పెనాలున్నయి. ఆ ఏడు మా బాపు చెరుకు పెట్టి, కొత్త పెనం చెయ్యమని చాచాకు సైగలతోని చెప్పిండు. పెనాన్ని పక్కకు నిలబెట్టి చాచా బయటి నుంచి రివిట్ తల మీద సుత్తెతోని కొడ్తడు. లోపలి నుంచి ఇంకొకరు ఇనుప దిమ్మెను దాని మొనకు ఆనించి పట్టుకోవాలె. మొన దిమ్మె మీద అణిగి గుండీ లెక్క గుండ్రంగ పరుచుకుంటె రివిట్ గట్టిగ పట్టినట్టు. పెనంల కూసునేటంత చిన్నదాన్ని నేనే, అందుకే ఏడ్చి మొత్తుకొని ఆ పని సంపాయించుకున్న.

లోపల మొన ఎట్ల పడ్డదో చాచాకు కనపడదు, చెప్తె వినపడదు. అందుకని విమానాల షెడ్డుల రివాజే నాకు నేర్పిండు. దిమ్మెతోని రేకు మీద ఒక్క దెబ్బ కొడితే మంచిగ పడ్డది. రెండు కొడితే ఇంకా కొట్టు. మూడు కొడితే పాడైంది, తీసెయ్. వంగిన రివిట్‌ను మల్ల కొట్టి సాపు చేస్తె నిలవదట, తల చెక్కి పారేసి కొత్తది వెయ్యవలసిందేనట. "బేటీ, లోపలి దిక్కు చూసేది నువ్వొక్కదానివే. నీ దెబ్బనే నాకు కన్ను," అన్నడు.

పొద్దటి నుంచి రెండుసార్లు నేను మూడేసి దెబ్బలు కొట్టిన. రెండుసార్లూ చాచా నవ్వుకుంటనే పాడైనది తీసి కొత్తది వేసిండు. ఆఖరికి పెనాన్ని మోసే కడియాలు మిగిలినయి, ఒక్కో కడియానికి రెండే రివిట్లు. అప్పుడు బాపు వచ్చి నిలబడి, "గీ పిల్లను నమ్ముకుంటె చెరుకు ఎండిపోయినంక అయితది పెనం," అని ఎగతాళి చేసిండు. నాకు ఎక్కడలేని రోషం వచ్చింది. ఆ రోషంల చెయ్యి జారింది, మొన ఒక పక్కకు మడతపడ్డది. చూసిన. బాగ చూసిన. బాపు ముంగట మల్ల మూడు కొట్టుడు ఇష్టం లేక, ఒక్కటే దెబ్బ కొట్టిన. చాచా "శభాష్" అని ఇంకో కడియానికి పోయిండు.

ఎనిమిది దినాలు పెనం మంచిగనే నడిచింది. తొమ్మిదోనాడు పాకం దించేటందుకు కడియాలల్ల కట్టెలు దూర్చి నలుగురు లేపంగనే, ఆ మడతపడ్డ రివిట్ జారింది, దాని పక్కది తెగింది, కడియం ఊడొచ్చింది. ఆ మూలకు ఉన్నది మా బాపు. మరిగే పాకం ఆయన మోకాలి నుంచి పాదం దాకా పారింది. ఆ కేక గురించి నేను చెప్పను, నన్ను అడగొద్దు. ఇరవై దినాలకు దవాఖాన నుంచి ఇంటికి తెచ్చిండ్రు గాని, కాలు బిర్రబిగుసుకపోయింది. బాపు మల్ల పొలంల దిగలేదు.

ఊరంత చాచాను తిట్టిపోసింది. చెవిటోనికి పనిస్తె ఇట్లనే అయితదన్నరు. చాచా జారిన రివిట్‌ను దొరకబట్టి వేళ్ల నడుమ తిప్పి చూసిండు. ఆ మడతను చూసిండు, నన్ను చూసిండు. "గల్తి నాదే," అన్నడు అందరి ముంగట. ఇగ ఆయనకు పని ఇచ్చినోళ్లు లేరు. బాపు ఇంటికొచ్చిన నాలుగో దినం చాచా సామాను బండికెత్తుకున్నడు.

నేను ఉరికి బండి వెనుక పట్టుకున్న. ఆయన అరచెయ్యి బండి పలక మీద ఉన్నది. ఆ పలక మీద పిడికిలితోని మూడు దెబ్బలు కొట్టిన. చాచా తిరిగి చూడలె. జర సేపటికి వేలితోని ఒక్క దెబ్బ కొట్టిండు. బండి నస్రుల్లాబాద్ తొవ్వ పట్టింది.

ఇంటికి పోయి బాపుకు అంతా చెప్పిన. చంపుతడనుకున్న. కొట్టలె, తిట్టలె. మంచం మీద అటు దిక్కు తిరిగి, "ఆయన పోయినంక చెప్తున్నవా బిడ్డా," అన్నడు. వెంటనే మనిషిని తోలిండు గాని చాచా తిరిగి రాలేదు.

ఇయ్యాలటికీ కూరల ఉప్పెక్కువైనా ఎవరూ నోట్లె పెట్టుకోకముందే నేనే చెప్త. "చెప్పకుంటె ఎవరికి తెలుస్తది అత్తమ్మా," అని మా కోడలు నవ్వుతది. "లోపలి దిక్కు చూసేది నేనొక్కదాన్నే గదా," అని నేనంట. చాచా కొట్టిన ఆ ఒక్క దెబ్బను మాత్రం నేను ఇప్పటిదాకా మాఫీ అనుకోలేకపోయిన. పాడైనదానికి మంచిగున్నదని ఒక్క దెబ్బ కొట్టుడు ఆయనకు నేనే నేర్పిన.