మాట వచ్చేదాకా ఆగిన నానీ

మా పక్కింటి నానీ పోయారు. దసరా సెలవులు ఇచ్చిన రెండో రోజు పొద్దున్న నేను పిల్లలకి పాలు కలుపుతుంటే ఆవిడ కోడలు గోడ మీంచి పిలిచింది. "వదినా, అత్తమ్మ లేవట్లేదు. ఒక్కసారి రావా" అంది. వెళ్లేసరికి ఆవిడ గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. నిద్రలోనే ప్రాణం పోయిందని డాక్టరుగారు చెప్పారు. డెబ్బై దాటిన మనిషి. ముందురోజు సాయంత్రం కూడా ఎవరిదో పండగ జాకెట్టుకి హుక్కులు కుట్టి, మడతపెట్టి, సంచిలో పెట్టి లేచారట.

నానీ అంటే అమ్మమ్మ. మా పిల్లలు అలా పిలిచేవారు. నేను ఖాలా అనేదాన్ని, అంటే పిన్ని. ఏ వైపు నుంచి చూసినా మాకు చుట్టరికం లేదు. గోడ ఒకటే, దాని మీంచి గిన్నెలు ఇటూ అటూ వెళ్లేవి. ఆవిడ గురించి పేపర్లో వచ్చేంత సంగతి ఏమీ లేదు. మా ఇంట్లో మాత్రం ఒకటి జరిగింది. అది మీతో చెప్పుకోవాలని రాస్తున్నాను.

నాలుగేళ్ల కిందట మా ఆయనకి పరవాడలో మందుల కంపెనీలో ఉద్యోగం వచ్చి, ఎలమంచిలి నుంచి అనకాపల్లి మారాం. ఆయన పొద్దున్న ఆరింటికి కంపెనీ బస్సు ఎక్కితే మళ్లీ దీపాలు పెట్టాకే ఇంటికి రావడం. అప్పుడు మా పెద్దాడు ఒకటో తరగతి. చిన్నదానికి మూడేళ్లు నిండాయి. నోట్లోంచి ఒక్క మాట రాలేదు. కావలసింది వేలితో చూపించేది, నేను గమనించకపోతే చెయ్యి పట్టుకుని లాక్కెళ్లేది. చెవుల పరీక్ష చేయిస్తే వినికిడి బాగానే ఉందన్నారు. వారానికోసారి విశాఖపట్నంలో మాటలు నేర్పే మేడమ్ దగ్గరికి తీసుకెళ్లేవాళ్లం. "ఇంట్లో పాపతో ఎక్కువగా మాట్లాడండి, కానీ అనమని బలవంతపెట్టకండి" అని ఆవిడ చెప్పింది. నేను మొదటి సగమే విన్నాను.

మా అమ్మ ఫోను చేసినప్పుడల్లా "ఏటే, ఇంకా అమ్మా అనలేదా?" అని అడిగేది. పాపం ఆవిడ ఆత్రం ఆవిడది. ఫోను పెట్టేశాక నేను చిన్నదాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకునేదాన్ని. అమ్మా అను. పాలు అను. అన్నయ్య అను. అది పెదాలు బిగించి నేల చూసేది.

ఆ యేడు దసరా సెలవులంతా వాయుగుండం. ఆరని బట్టలు ఇల్లంతా తాళ్ల మీద వేలాడుతున్నాయి. పెద్దాడు బయటికి వెళ్లే వీలు లేక మంచాలెక్కి దూకుతున్నాడు. ఒక మధ్యాహ్నం చిన్నది అరటిపండు చూపించింది. "పండు అను, ఇస్తాను" అన్నాను. అది మళ్లీ చూపించింది. "పండు అంటేనే" అన్నాను. ఏడుపు మొదలుపెట్టింది. అది ఏడుస్తున్నకొద్దీ నా గొంతు పెరిగింది. ఆఖరికి చెంప మీద కొట్టాను. చిన్న చెంప. నా వేళ్లు తేలాయి.

తల ఎత్తితే గుమ్మంలో నానీ. తలమీద కొంగు తడిసిపోయి ఉంది. చిన్నదాన్ని ఎత్తుకుని, పండు దాని చేతిలో పెట్టి, వానలోనే వాళ్లింటికి తీసుకెళ్లిపోయారు. నేను వంటింట్లో కూర్చుని ఎంతసేపు ఏడ్చానో నాకే తెలీదు. పెద్దాడు వచ్చి మంచినీళ్లు ఇచ్చాడు.

సాయంత్రం తీసుకురావడానికి వెళ్తే, వరండాలో కాలితో తొక్కే మిషన్ పక్కన చిన్నది బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది. ముందు గుడ్డముక్కల కుప్ప. నానీ మిషన్ ఆపి నావైపు చూశారు.

"కూకో అమ్మాయ్. నిన్ను తిడతాననుకుంతన్నావా?"

నేను తల వంచుకున్నాను.

"ఈ సెయ్యి సూడు. ఈ సేత్తోనే మావోడ్ని కొట్టేను. ఆడికి నాలుగేళ్లొచ్చినా మాటల్లేవు. ఊరంతా మూగోడనీసేరు. నాకు ఒళ్లు మండిపోయి ఆడ్నే కొట్టేను. ఇప్పుడేటి సేత్తన్నాడు ఆడు?"

నాకు నవ్వొచ్చింది. వాళ్లబ్బాయి బస్సు కండక్టరు. ఆయన డ్యూటీ దిగి వీధి మొదట్లో ఎవరినైనా పలకరిస్తే మా వంటింట్లోకి వినిపిస్తుంది.

"అందరికీ ఇలాగే వచ్చేత్తాయని సెప్పను. నాకు తెల్దు. నువ్వు మేడమ్ దగ్గరికి తీసుకెళ్లడం మానకు. కానీ రోజూ కాసేపు ఈ పిల్లని నా దగ్గర వదిలీ. నువ్వెళ్లి పడుకో."

మర్నాటి నుంచి చిన్నది నానీ వరండాలో ఉండేది. నేను పడుకోలేదు, గోడ దగ్గర నిలబడి వినేదాన్ని. నానీ దాన్ని ఏ మాటా అనమని అడిగేవారు కాదు. తన పనితోనే తను మాట్లాడుకునేవారు. "ఇది ఎర్రదారం. ఇది పచ్చది. ఈ ముక్క చిన్నదైపోనాది. అయ్యో, దారం తెగిపోనాది. మళ్లీ ఎక్కిద్దాం." చెప్పి కాసేపు ఆగేవారు, ఎదుటివాళ్లు జవాబు చెప్పబోతున్నట్టు. జవాబు రాకపోతే నొచ్చుకోకుండా మళ్లీ మొదలుపెట్టేవారు. ఆ ఆగడం నాకు చేతనయ్యేది కాదు. నేను ఒక ప్రశ్న అడిగి, అది నోరు తెరవకముందే ఇంకో ప్రశ్న వేసేదాన్ని.

అప్పుడే నాతవరం వైపు నుంచి సీతాఫలాల గంపలు వచ్చేవి. నానీ నాలుగు కాయలు కొని బియ్యం డబ్బాలో పెట్టి, రోజూ పిల్లలిద్దరి చేతా నొక్కించి చూపించేవారు. "మెత్తగుందా, గట్టిగుందా?" అని అడిగేవారు. పెద్దాడు టక్కున చెప్పబోతే వేలు అడ్డంపెట్టి ఆపేవారు. "నీకు తెలుసులే బాబూ. దాన్ని కూడా సూడనీ." చిన్నది కాయ నొక్కి తల అడ్డంగా ఊపేది. అంతే చాలు, నానీ డబ్బా మూత పెట్టేసేవారు. "గట్టిగుందంట. రేపు సూద్దాం."

ఒకసారి నేను ఉండబట్టలేక అడిగాను, "ఇలా ఎన్నాళ్లు ఖాలా?" అని.

"మాటలు దాని ముందు పెట్టీసి ఊరుకో. తినమని నోట్లో కుక్కితే ఏ పిల్లైనా ఉమ్మేత్తాది" అన్నారు.

దీపావళి దగ్గరపడింది. నానీకి జాకెట్లు, లంగాలు కుప్పలు పడ్డాయి. ఆ హడావిడిలో ఎవరైనా పిల్లని తీసుకెళ్లిపొమ్మంటారు. ఆవిడ అనలేదు. ఒక మధ్యాహ్నం నేను టీ పట్టుకెళ్లాను. వరండా గుమ్మం దగ్గరికి వచ్చేసరికి మిషన్ చప్పుడు ఒక్కసారి ఆగిపోయింది. నానీ కళ్లద్దాలు సర్దుకుంటున్నారు. అప్పుడు కింద నుంచి ఒక గొంతు వినిపించింది. నేను అంతకుముందు ఎన్నడూ వినని గొంతు, కొంచెం బొంగురుగా.

"తెగిపోనాది."

గ్లాసులో టీ నా చేతిమీద ఒలికింది. నేను అరిచేదాన్నే. నానీ తల తిప్పకుండానే నావైపు అరచెయ్యి చూపించారు, ఆగమని. తర్వాత మామూలు గొంతుతో, రోజూ మాట్లాడుకునేవాళ్లతో అన్నట్టు అన్నారు.

"అవునమ్మా, తెగిపోనాది. మరేటి సేద్దాం?"

నేను లోపల అన్ని దేవుళ్లనీ పిలుస్తున్నాను.

"ఎక్కిద్దాం" అంది నా కూతురు.

నానీ దారం ఎక్కించారు. సూది బెజ్జంలోకి దారం వెళ్లడానికి నాలుగుసార్లు పట్టింది.

ఆ తర్వాత మాటలన్నీ వరదలా వచ్చేశాయని చెప్పను. వారానికి ఒకటి, రెండు వచ్చేవి. 'అమ్మా' అనడానికి కార్తీక మాసం సగం గడిచింది. ఆ నెలలు నేనూ ఆగడం నేర్చుకున్నాను. బడిలో చేరేటప్పటికి చిన్న చిన్న వాక్యాలు చెప్పేది. ఇప్పుడు రెండో తరగతి. క్లాసులో మాట్లాడుతోందని పోయిన నెల టీచరుగారు నన్ను పిలిపించి మందలించారు. నేను తల దించుకుని విని, బయటికొచ్చి రోడ్డు మీదే నవ్వుకున్నాను. ఇంటికి రాగానే ఆ సంగతి నానీకి చెబితే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆవిడ కూడా కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. "ఇంకా పిలుత్తారులే, ఎల్లి వినొచ్చీ" అన్నారు.

ఆవిడని తీసుకెళ్లిన రోజు మా పెద్దాడు తలుపేసుకుని ఏడ్చాడు. చిన్నది ఏడవలేదు. వచ్చిన ఆడవాళ్లందరి మధ్యా తిరుగుతూ ఎవరికి నీళ్లు కావాలో అడిగింది. మూడో రోజు సాయంత్రం నానీ కొడుకు వరండా మెట్టుమీద కూర్చుని ఉన్నాడు. అంత గొంతున్న మనిషి మూడు రోజులుగా ఎవరితోనూ మాట్లాడటం లేదని ఆయన భార్య బెంగపడుతోంది. మా చిన్నది వెళ్లి పక్కన కూర్చుంది. నేను పిలవబోయి మానేశాను.

కాసేపు అది కూడా ఊరికే కూర్చుంది. తర్వాత మెల్లగా మొదలుపెట్టింది. నానీకి ఏ రంగంటే ఇష్టమో, పిల్లి వస్తే ఏమనేవారో, నమాజు అయ్యాక తన తల మీదా అన్నయ్య తల మీదా దీవెనగా ఎలా ఊదేవారో. ఆయన వింటున్నాడు. ఒకచోట నవ్వాడు. ఒకచోట మొహం తుడుచుకున్నాడు.

"ఇయ్యన్నీ నాకు తెల్దే" అన్నాడు చివరికి. "మా యమ్మ ఇంకేటనేదే, సెప్పు."

అది చెప్పింది. వాళ్లావిడ అన్నం తినమని పిలిచేదాకా ఇద్దరూ మాట్లాడుకుంటూనే ఉన్నారు.

నిన్న ఆదివారం. వానలు తగ్గి ఎండ కాసింది. మా ఆయన మమ్మల్ని శారదా నది ఒడ్డుకి తీసుకెళ్లారు. రెల్లు పూసింది. ఒడ్డు పొడుగునా తెల్లగా, గాలి ఎటు వీస్తే అటు వంగుతోంది. పెద్దాడు చెప్పులు చేత్తో పట్టుకుని ఇసకలో పరుగు తీశాడు. చిన్నది వాళ్ల నాన్న వేలు పట్టుకుని ముందు నడుస్తోంది. నేను వెనక ఉన్నాను. ఏదో చెబుతోంది. గాలికి నా దాకా ఒక్క మాటా అందలేదు. ఆయన దానివైపు వంగి తల ఊపుతున్నారు. దాని రెండో చెయ్యి గాలిలో పైకీ కిందికీ ఆడుతోంది. తన తలకన్నా ఎత్తున్న రెల్లు మధ్యలోకి, మాట్లాడుతూనే, వెళ్లిపోయింది.