లాటిన్ పద్యానికి ప్రతిపదార్థం

నేను స్కూల్లో లాటిన్ చదివానంటే మా చుట్టాలెవరూ నమ్మరు. గుంటూరులో ఎనిమిదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన పిల్ల అమెరికా వెళ్ళి లాటిన్ చదవడమేమిటి, చోద్యం కాకపోతే! నిజమే, చోద్యమే. ఇండియాకి ఫోన్ చేయాలంటే కాలింగ్ కార్డు గీకి, చాంతాడంత నంబరు నొక్కే రోజులవి. డల్లాస్ శివార్లలో మా ఇంటి దగ్గరి హైస్కూల్లో నన్ను తొమ్మిదిలో చేర్చేసరికి క్లాసులు మొదలై నెల దాటిపోయింది. స్పానిష్ నిండిపోయింది, ఫ్రెంచి నిండిపోయింది. మిగిలింది లాటిన్ ఒక్కటే అని కౌన్సెలర్ అనగానే మా నాన్న మొహం వెలిగిపోయింది.

"తీసుకోమ్మా, మెడిసిన్‌కి పనికొస్తుంది" అన్నాడు. నేను మెడిసిన్ చదువుతానని ఆయనకి ఎవరు చెప్పారో నాకు తెలియదు. చదవలేదు కూడా.

లాటిన్ టీచరుకి అప్పటికే అరవై దాటి ఉంటాయి. పొడుగ్గా, వెన్ను నిటారుగా పెట్టి నడిచేవారు. స్కూలంతా తెల్లబోర్డులూ మార్కర్లూ వచ్చేసినా ఆవిడ మాత్రం నల్లబోర్డు తీయనివ్వలేదట. సుద్దముక్కతోనే రాసేవారు. స్కర్టు నిండా సుద్దపొడి. పద్యం చదివేటప్పుడు కూర్చోరు. ఎంత చిన్న పద్యమైనా సరే, లేచి నిలబడి, పైకి రెండుసార్లు చదివాకే అర్థం జోలికి వెళ్ళేవారు. పిల్లలు విసుక్కునేవాళ్ళు. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చినట్టుండేది.

ఎందుకో చెప్పాలంటే మిగతా క్లాసుల సంగతి చెప్పాలి. చేరిన కొత్తలో బయాలజీలో పాఠం పైకి చదవమంటే చదివాను. నేను 'వెజిటేబుల్' అన్న తీరు వెనక బెంచీ వాడికి తెగ నచ్చింది. వాడు దాన్ని నాలాగే పలికాడు. క్లాసంతా గొల్లుమంది. తల కొట్టేసినట్టయింది నాకు. ఆ తర్వాత ఏ క్లాసులోనూ నోరు తెరిస్తే ఒట్టు. ఇంట్లో గయ్యాళినని పేరున్నదాన్ని, బళ్ళో మూగదాన్నైపోయాను. పైగా టీచర్లు మా అమ్మానాన్నలతో "చాలా బుద్ధిమంతురాలు" అనేవాళ్ళు. ఒళ్ళు మండిపోయేది.

లాటిన్ క్లాసులో ఆ బాధ లేదు. ఎప్పుడో పోయిన భాష. దాన్ని సొంత యాసలో పలికి నన్ను వెక్కిరించేవాడు ఎక్కడి నుంచి వస్తాడు? అందరం సమానమే. సమానం కూడా కాదు, నేనే ఓ మెట్టు పైన. ఆ భాషలో తకారం మన తకారమే, రేఫ మన రేఫే. టెక్సాస్ పిల్లల నాలుకలు తిరగక తంటాలు పడుతుంటే నేను హాయిగా చదివేసేదాన్ని. ఒకరోజు ఆవిడ నన్ను ఆపి, "అందరూ వినండి, ఇలా పలకాలి" అన్నారు. ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడి ఆ ముక్క నాలుగుసార్లు చెప్పుకున్నాను.

ఇక వ్యాకరణం! గోడ మీద ఒక పెద్ద పట్టిక ఉండేది. ఒకే మాట చివర మారుతూ మారుతూ కిందికి దిగుతుంది. పిల్లలందరూ దాన్ని చూసి గుడ్లు తేలేస్తే, నేను 'ఓస్, విభక్తులే కదా' అనుకున్నాను. డు ము వు లు ప్రథమా విభక్తి అని పాడుకున్నదాన్ని, నాకో లెక్కా? పురాణకథలు చెప్పేటప్పుడూ అంతే. దేవుడికి అంతమంది భార్యలేమిటని వాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టేవాళ్ళు. దేవతలకి కోపాలొస్తాయి, శాపాలిస్తారు, అమ్మాయిలు చెట్లైపోతారు, సాలెపురుగులైపోతారు. ఇందులో వింతేముందో నాకు తెలిసేది కాదు.

రెండో ఏడాది పద్యాలు మొదలయ్యాయి. అక్కడా గురువులూ లఘువులే! ఆనందం పట్టలేక మొదటి హోంవర్కు గబగబా గుర్తులు పెట్టి ఇచ్చేశాను. మనం గురువుకి పెట్టే గుర్తులాంటిదే వాళ్ళు లఘువుకి పెడతారని చూసుకోలేదు. పేజీ అంతా తలకిందులు. ఆవిడ కాసేపు ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "అన్నీ తప్పే. కానీ అన్నీ తప్పు చేయాలంటే అంతా తెలిసుండాలి. ఎక్కడ నేర్చుకున్నావు?" అని అడిగారు. మాకూ పద్యాలున్నాయని చెప్పాను. "అయితే రేపు ఒకటి వినిపించు" అన్నారు. వినిపించాను. ఆవిడ నిలబడి విన్నారు. అర్థం తెలియని పద్యాన్ని నిలబడి విన్న మనిషిని అంతకుముందు నేను చూడలేదు.

అలాంటావిడ చేతిలోనే నాకు సున్నా వచ్చింది.

నవంబరులో పెద్ద పరీక్ష. క్లాసులో చదివిన పద్యభాగంలోంచి ఎక్కడైనా పన్నెండు పాదాలిస్తారు, ఇంగ్లీషులోకి తేవాలి. అంటే ఏమిటి? గుంటూరు పద్ధతిలో అంటే గైడు సంపాదించాలి. పబ్లిక్ లైబ్రరీలో ఆ కావ్యానికి ఎవరో పండితుడు చేసిన ఇంగ్లీషు అనువాదం దొరికింది. మా భాగం మొత్తం బట్టీ కొట్టాను. స్కూలు బస్సులో, ఇంట్లో గిన్నెలు తోముతూ, స్నానాల గదిలో, వారం రోజులు అదే పని. కొన్ని మాటలకి నాకు అర్థమే తెలియదు. అయినా పరీక్షలో అక్షరం పొల్లు పోకుండా దించాను. బాగా దించానని పొంగిపోతూ ఇంటికొచ్చాను.

రెండు రోజుల తర్వాత బెల్లు కొట్టాక నన్నొక్కదాన్నే ఉండమన్నారు. మెచ్చుకుంటారని నిలబడ్డాను.

"ఆ కాగితం ఎక్కడ పెట్టుకున్నావు?" అన్నారు.

"ఏ కాగితం?"

"చూసి రాసిన కాగితం."

ఇంగ్లీషులో సర్దిచెప్పుకోవడానికి మాటలు వెతుక్కునేలోపే ఆవిడ సొరుగులోంచి ఒక ఫారం తీశారు. కాపీ కొట్టినవాళ్ళ మీద ఆఫీసుకి పంపే ఫారం. అది ఆఫీసుకి వెళ్తే నన్ను ఆ క్లాసులోంచి తీసేస్తారు. పంపేముందు మా ఇంట్లోవాళ్ళతో మాట్లాడాలన్నారు. బస్సులో కిటికీకి మొహం అంటించి ఏడ్చాను. నేను నోరు తెరవగలిగింది ఆ ఒక్క గదిలోనే, అదీ పోతోంది. ఏడుపులో సగం కోపం. దొంగనంటుందా! వారం రోజులు అన్నం తింటూ కూడా చదివితే నన్ను దొంగనంటుందా!

మర్నాడు స్కూలు వదిలే వేళకి నాన్న ఆఫీసు నుంచి వచ్చాడు, మెళ్ళో బ్యాడ్జి వేలాడుతుండగానే. ఆవిడ నా పేపరూ, ఆ పండితుడి అనువాదం పుస్తకమూ పక్కపక్కన పెట్టి చూపించారు. నాన్న రెండూ పోల్చి చూశాడు. చూశాక ఆయన మొహం విప్పారింది.

"మేడమ్, షీ బైహార్టెడ్ ఇట్!" అన్నాడు గర్వంగా. "హోల్ థింగ్! నాట్ వన్ మిస్టేక్!"

ఆ పొగడ్తకి నేను తల దించుకున్నాను. నేరాన్ని మా నాన్నే దండోరా వేసి ఒప్పేసుకుంటున్నాడని నాకు అప్పటికీ తెలియదు, ఆయనకీ తెలియదు. టీచరు మాత్రం నాన్నని చూశారు, నన్ను చూశారు. పుస్తకం తీసి మధ్యలో ఎక్కడో ఒక అర పాదం చదివి ఆగారు. నేను అందుకుని గడగడా అప్పజెప్పాను. ఇంకోచోట తెరిచారు. అక్కడి నుంచీ చెప్పాను. మూడోసారి పేజీ చివర్నుంచి అడిగారు. అదీ చెప్పాను. ఆవిడ పుస్తకం మూసేశారు.

"మా ఊళ్ళో అయితే ఇలాంటి పిల్లకి ఫస్ట్ ప్రైజ్ ఇస్తారు" అన్నాడు నాన్న ఇంగ్లీషులో.

"తను చూసి రాయలేదు. నేను పొరబడ్డాను" అన్నారావిడ. "ఈ జ్ఞాపకశక్తి నాకు లేదు. కానీ సార్, ఈ కాగితంలో ఆ పండితుడున్నాడు. మీ అమ్మాయి ఎక్కడుంది?"

సున్నా సున్నాగానే ఉంటుందన్నారు. సోమవారం స్కూలయ్యాక నేను ఎన్నడూ చూడని పద్యం ఇస్తారట. నా అంతట నేను చదవగలిగితే ఫారం చింపేస్తారు. చదవలేకపోతే, సొంతంగా రాని మాటలు నావని రాసిచ్చినట్టే కాబట్టి, ఆఫీసుకి పంపక తప్పదన్నారు.

కారెక్కగానే నాన్నకి కోపం తన్నుకొచ్చింది. "చదివిన పిల్లకి సున్నా వేస్తుందా? డ్రాప్ చేసెయ్ ఆ దిక్కుమాలిన క్లాసు. జనవరి నుంచి స్పానిష్ తీసుకుందువుగాని."

"డ్రాప్ చేయను."

"ఎందుకే అంత పట్టుదల?"

"అక్కడ నన్ను చూసి ఎవరూ నవ్వరు నాన్నా!" అని అరిచాను. అరిచి, బావురుమన్నాను. వెజిటేబుల్ సంగతి అప్పటిదాకా ఇంట్లో చెప్పలేదు. అంతా చెప్పేశాను. నాన్న స్కూలు పార్కింగ్‌లోనే కారు ఆపి కూర్చున్నాడు. ఆఫీసులో మీటింగ్‌కి టైమవుతోందని ఫోన్ మోగుతున్నా తీయలేదు.

శనివారం పొద్దున్నే డైనింగ్ టేబుల్ మీద సామానంతా తీసేసి నన్ను పిలిచాడు. "తెలుగు పరీక్షలో పద్యమిచ్చి ఏం రాయమనేవాళ్ళు?"

"ప్రతిపదార్థ తాత్పర్యాలు."

"అదీ బట్టీయేనా?"

"బట్టీయే" అన్నాను. మాట్లాడితే అబద్ధం చెప్పే పిల్లని కాను.

"సరే, ఈసారి బట్టీ లేకుండా రాద్దాం. ఒక్కో పదం విడగొట్టు, నేను డిక్షనరీ చూస్తా."

ఆయనకి లాటిన్ ఒక్క ముక్క రాదు. అయినా రెండు రోజులూ నా పక్కన కూర్చుని ఆ లావుపాటి డిక్షనరీ పేజీలు తిప్పాడు. పాఠ్యపుస్తకంలో మేమింకా చేరని పాదాలు తీసి పదాలు విడగొట్టాను. ఏ మాట చివర ఏముందో చూసి, ఇది కర్త, ఇది కర్మ, ఇది దానికి విశేషణం అని గీతలు గీశాను. పాదం మొదట్లో ఉన్న విశేషణానికి దాని నామవాచకం ఎక్కడో రెండో పాదంలో దొరికేది. దొరికినప్పుడల్లా నాన్న బల్ల మీద చరిచేవాడు. ఆదివారం మధ్యాహ్నానికి ఒక నిజం తెలిసింది నాకు. ఆ పండితుడి అనువాదంలో నాకెంతో నచ్చిన ఒక వాక్యం అసలు పద్యంలో లేనే లేదు. పెద్దమనిషి సొంతంగా కలిపేశాడు! భలే కోపం వచ్చింది. నాలుగొందల పాదాలు నమ్మి మింగాను కదా.

సోమవారం ఆవిడ నాకొక చేతిరాత కాగితమిచ్చారు. ఎనిమిది పాదాలు. "దీనికి ఏ లైబ్రరీలోనూ అనువాదం దొరకదు. నిన్న నేనే రాశాను" అని తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయారు.

లేచి నిలబడ్డాను. పైకి రెండుసార్లు చదివాను. ఆవిడ తలెత్తలేదు. కూర్చుని పదాలు విడగొట్టాను. సముద్రాలు, రెండో విభక్తి. గుమ్మం. దీపం. ముసలిది. ఏ మాటకామాట తెలుస్తోంది కానీ తాత్పర్యం చిక్కడం లేదు. క్రియలన్నీ వెతికి పట్టుకుని, అన్వయం కుదిర్చి, ఇంగ్లీషులో ఒక్కో వాక్యమే రాసుకుంటూ పోయాను. ఆఖరి పాదం పూర్తిచేసి మొదటి నుంచి చదువుకున్నాను.

సముద్రాలు దాటి ఒక అతిథి నా గుమ్మంలోకి వచ్చింది. తన ఇంటి నుంచి తెచ్చిందేదో రెండు చేతులా నాకు అందించబోయింది. దీపం ఎత్తి ఆమె మొహమైనా చూడకుండా, ఎక్కడ దొంగిలించావని అడిగాను. దేవతలారా, ఈ ఇంటి ముసలిది తొందరపడింది. ఆమె ఇంకా వెళ్ళిపోలేదు. కుర్చీ వేసే వేళ నాకింకా మిగిలే ఉంది.

కాగితం మీద అక్షరాలు అలుక్కుపోయాయి. కళ్ళు తుడుచుకుని తీసుకెళ్ళి ఇచ్చాను. ఆవిడ తీసుకోలేదు. "పైకి చదువు" అన్నారు. నా ఇంగ్లీషు, నా యాసలో చదవడం మొదలుపెట్టాను. ఆవిడ లేచి నిలబడ్డారు. చదవడం అయ్యేదాకా నిలబడే ఉన్నారు. తర్వాత సొరుగులోంచి ఫారం తీసి రెండుగా, నాలుగుగా చింపి బుట్టలో వేశారు. నా కాగితం తీసుకుని ఎర్ర పెన్నుతో దిద్దారు. పదికి ఎనిమిది.

ఎనిమిదా! క్షమాపణ అడుగుతూ కూడా రెండు మార్కులు కోస్తారా ఎవరైనా? ఒకటి సరే, కాలం తప్పు రాశాను, ఒప్పుకున్నాను. రెండోది మాత్రం ఒప్పుకోలేదు. ఆ విశేషణం ముసలిదానికి కాదు, దీపానికి అన్వయించినా తప్పులేదన్నాను. కుదరదన్నారు. ఎందుకు కుదరదో చెప్పమన్నాను. ఆవిడ పక్కకి ఒక కుర్చీ లాగారు. కూర్చుని వాదించాను. అమెరికా వచ్చాక ఒక మనిషితో నేను ఇంగ్లీషులో పోట్లాడటం అదే మొదటిసారి. మాటమాటకీ తప్పులే, గొంతు కూడా పెద్దదైపోయింది. ఆవిడ నా ఇంగ్లీషులో ఒక్క తప్పూ దిద్దలేదు. అంతా విని, ఎనిమిది కొట్టేసి తొమ్మిది వేశారు.