రబ్బరు రింగు మీద కుంకుమ

నీళ్లంటే నాకు కోపం. బోర్లలోకి కెమెరా దించి, లోపల మోటారు ఎక్కడ ఇరుక్కుందో రైతులకు చూపించడం నా పని. కెమెరా ఉండే స్టీలు గొట్టంలోకి చొరబడటానికి నీళ్లకు వెంట్రుకంత సందు చాలు. మూత బిగించే చోట సన్నటి రబ్బరు రింగు ఉంటుంది. నీళ్లకూ కెమెరాకూ మధ్య అడ్డం అదొక్కటే. అందుకే ప్రతి పనికీ ముందు దాన్ని తీసి, మెత్తటి గుడ్డతో తుడిచి, గోటితో చుట్టూ తడిమి, మెరుపు కనిపించేంత మాత్రమే గ్రీజు రాస్తాను. మూత బిగించాక బకెట్‌లో ముంచి బుడగలు వస్తాయేమో చూస్తాను. జనం విసుక్కుంటారు. విసుక్కోనీ.

ఆ రోజు రెంటచింతల దగ్గర ఒక మిరప చేలోకి పిలిచారు. ఎండ మాడ్చేస్తోంది. అన్నదమ్ముల పొలాలు, మధ్యలో గట్టు. తమ్ముడి బోరులో మోటారు ఇరుక్కుపోయింది. అన్నే కక్షకొద్దీ రాయి వేశాడని వాడి అనుమానం. వాడి చేతిలో గడ్డపార, బావమరుదుల చేతుల్లో కర్రలు. రాయి కనిపిస్తే అన్నను ఆ చేలోనే పాతేస్తామని నా ముందే అన్నారు.

అన్న మాత్రం బెదరలేదు. కొబ్బరికాయ, పసుపు కుంకుమలు పట్టుకుని తనే వచ్చాడు. మా వైపు బొట్టు పెట్టందే ఏ యంత్రమూ పని మొదలుపెట్టదు. నేను మూత తెరిచి రింగుకు గ్రీజు రాస్తుంటే, ఆయన వంగి గొట్టానికి నిండుగా బొట్టు పెట్టాడు.

"నిజం చూపియ్యి తల్లీ" అని కెమెరాకు దణ్ణం పెట్టుకున్నాడు.

మూత బిగించి బకెట్ దగ్గరికి లాక్కున్నాను. తమ్ముడు దాన్ని ఒక్క తన్ను తన్నాడు. నీళ్లన్నీ నేలపాలయ్యాయి.

"ఇంకా ఏంది నీ సోకు? దించెహె."

నేనూ నోటికొచ్చింది తిట్టాను. వాడు గడ్డపార నా మీదికి ఎత్తాడు. నోరు మూసుకుని కేబుల్ వదిలాను.

కెమెరా నీళ్లలోకి దిగిన కాసేపటికి పైన నా ముందున్న తెర మధ్యలో నల్లగా, గుండ్రంగా ఏదో కనిపించింది.

"అదుగో రాయి" అన్నాడొక బావమరిది.

కేబుల్ మెలితిప్పి చూశాను. బోరు గోడలు తిరిగాయి గానీ ఆ నల్లటిది తెర మీద ఉన్నచోటే ఉంది. అది రాయి కాదు, అద్దం లోపల నీటిచుక్క, కెమెరాలోకి నీళ్లు దిగాయి అని గొంతు చించుకున్నాను. వినేదెవరు? గడ్డపార అప్పటికే లేచింది. అన్న చెయ్యి అడ్డం పెట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. బొట్టు పెట్టిన చెయ్యే అది. కింద పడ్డాక కాళ్ల మీద, తల మీద కర్రలతో బాదారు. మధ్యలోకి దూరితే నా వీపు కూడా పగిలింది.

"చంపితే చంపండ్రా, ముందు సరిగ్గా చూసి చావండి" అని అరిచాను.

ఎందుకో ఆ మాటకు ఆగారు.

కెమెరా పైకి లాగి మూత తెరిచాను. రింగు గ్రీజులో ఎర్రగా కుంకుమ రేణువులు అంటుకుని ఉన్నాయి. గోటి మీదికి తీసి అందరికీ చూపించాను. లోపల ఆరబెట్టి, కొత్త రింగు వేసి, బకెట్ మళ్లీ నింపాను. ఈసారి ఎవరూ తన్నలేదు. కర్రలు పట్టుకున్నవాళ్లే చుట్టూ గొంతుక్కూర్చుని బుడగల కోసం చూశారు. ఒక్కటీ రాలేదు.

తెర మీద అంతా తేటగా కనిపించింది. బోరు గోడ కూలకుండా దింపిన పాత కేసింగ్ పైపు పగిలి, ముక్క విరిగి మోటారు మీద పడింది. రాయి లేదు.

వెనకాల అన్నను ఆయన ఇంటివాళ్లు అప్పుడే వచ్చిన ఆటోలోకి ఎక్కిస్తున్నారు. ఆయన తల నుంచి కారిన నెత్తురు మిరప మొక్కల మీద పడుతోంది. తమ్ముడు మాత్రం తెర ముందు నుంచి లేవలేదు.

"ఇంకొంచెం దించన్నా" అన్నాడు. "చానా లోతులో ఉందేమో."

"మోటారు దాటి కెమెరా పోదు. రాయి లేదు."

"ఉంటదన్నా. ఇంకోసారి చూడు" అంటూ నా కాళ్లు పట్టుకున్నాడు.