ఆత్మారాం బాపు నీలం కుర్చీ

మా ఆత్మారాం బాపు ఎక్కడికి వెళ్లినా తన కుర్చీ తనే తీసుకెళ్తాడు. పెళ్లికైనా, పంచాయితీకైనా, బోధన్ దవాఖానాకైనా సరే, ఆయన సైకిల్ వెనక నీలం ప్లాస్టిక్ కుర్చీ కాళ్లు పైకెత్తి ఊరేగుతుంది.

"గిదేంది బాపూ, పెండ్లోళ్లు కుర్చీలు ఎయ్యరా?" అని అడిగానొకసారి.

"మంది కుర్చీల కూసుంటె మంది మాటనే నోట్లకెల్లి వస్తది. నాది నాకుండాలె."

ఆయన భార్య ప్రమీలమ్మ దాన్ని సవతి అంటుంది. "నన్ను ఎన్నడన్న సైకిల్ మీద ఎక్కించుకున్నవా?" అని దెప్పుతుంది. ఇంతా మోసుకొచ్చి, బాపు తీరా కూర్చున్న పావుగంటకే "అబ్బ, నడుం పట్టింది" అని లేచిపోతాడు. కూర్చోలేని మనిషికి కుర్చీ ఎందుకో మాకు అంతుబట్టేది కాదు.

కిందటేడు డెన్మార్క్ సంస్థ ఒకటి మా ఊళ్లో ఏదైనా కట్టిస్తామని వచ్చింది. వాళ్ల మాటలకు నేను దుబాసీని. ఏం కట్టాలో ఊరి యువత కూడా కూర్చుని తేల్చాలన్నది వాళ్ల షరతు. డిగ్రీ చదివే సుష్మ స్నేహితులతో ఇల్లిల్లూ తిరిగి, చీకటి గదుల్లో వంగి బీడీలు చుట్టే ఆడవాళ్లు నూట పన్నెండు మందని రాసుకొచ్చింది. అందులో దగ్గుతూ చుట్టే వాళ్లమ్మ కూడా ఉంది. వాళ్లకు గాలీ వెలుతురూ ఉన్న షెడ్డు కావాలని ఆ పిల్లల కోరిక. పెద్దలకేమో ఊరి ముందు స్వాగత ద్వారం, కమాన్ కావాలి.

సమావేశం రోజు "యువతే మా భాగస్వాములు" అని ఫ్లెక్సీ కట్టారు. దాని కింద కుర్చీలన్నిటా పెద్దలే. యువత తరఫున యువజన సంఘం అధ్యక్షుడు నరేందర్ కూర్చున్నాడు. ఆయనకు నలభై ఎనిమిదేళ్లు, పొద్దున్నే జుట్టుకు రంగేసుకొచ్చాడు. సుష్మ చాయ్ పళ్లెంతో వెనక నిలబడింది. ఆమె రాసిన కాగితం పళ్లెం కిందే నలుగుతోంది. పెద్దలు కూర్చున్నచోట నిలబడ్డవాళ్లు మాట్లాడకూడదన్నది మా ఊరి పద్ధతి.

సర్పంచ్ కమాన్ తీర్మానం చదవబోయాడు. ముందు వరుసలో నీలం కుర్చీ కిర్రుమంది.

"అబ్బ, నడుం పట్టింది! బిడ్డా సుష్మా, నా కుర్చీల జర కూసో. ఖాళీగుంటె ఎవడన్న ఎత్కపోతడు."

"చాయ్ ఇయ్యాలె బాపూ..."

"నేనిస్త, తే."

డెబ్బై ఏళ్ల మనిషి పళ్లెం అందుకుని మొదటి కప్పు నరేందర్‌కే ఇచ్చాడు. "తాగు పిలగా."

డెన్మార్క్ సంస్థ తరఫున వచ్చినావిడ నీలం కుర్చీలో కూర్చున్న సుష్మ వైపు తిరిగి, "నువ్వు చెప్పమ్మా" అంది. నేను తెలుగు చేసేలోపే సుష్మ కాగితం విప్పింది. ముందు మెల్లగా, తర్వాత అందరికీ వినబడేలా చదివింది. వరుసలో వాళ్లమ్మ పేరు వచ్చినా ఆగలేదు.

"కూసో బాపూ, నడుం తగ్గలేదా?" అన్నాడు సర్పంచ్ చిరాగ్గా.

"పిల్ల చదువుడు కానియ్యి, తగ్గుతది."

అప్పుడు వెలిగింది నాకు. పాల సంఘంలో ఆయన నడుం పట్టినప్పుడు ఆ కుర్చీలో కూర్చుని మాట్లాడింది పాలు పోసే అంజవ్వ. బడి కమిటీలో పట్టినప్పుడు తొమ్మిదో తరగతి వర్ష. ఇన్నేళ్లూ మేం ఆయన నడుముకు మందులు చెబుతూ వచ్చాం!

ఆ రోజు షెడ్డుకే చేతులు లేచాయి. నరేందర్ చెయ్యి కూడా, కాస్త ఆలస్యంగా.

షెడ్డు ఎక్కడ కట్టాలో తేల్చే సమావేశానికి బాపు సైకిల్ మీద రెండు కుర్చీలు కట్టుకొచ్చాడు.

"ఇదేంది బాపూ, రెండు తెచ్చినవ్?" అని అడిగాను.

"ఏం జెయ్యాలె బిడ్డా, నడుం నొప్పి ముదిరింది."