పెద్దమ్మ అద్దం ముక్క

చిక్కడపల్లిలో మేం కిరాయికున్న ఇంటి వెనక రేకుల షెడ్డులో, పాలమూరు నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ జిప్సం కాల్చేది. ఆ తెల్లరాతి పొడిని వెడల్పాటి ఇనుప మూకుడులో వేసి సన్నటి సెగ మీద కలుపుతుంటే, చుక్క నీళ్లు పోయకుండానే అది పాలలా కుతకుతలాడేది. రాయిలో దాగిన నీరు ఆవిరైపోతేనే అది ప్లాస్టరవుతుంది. ఆ ప్లాస్టరుతో ఆమె భర్త ఇళ్ల సీలింగులకు పువ్వులు పోతపోసేవాడు.

నీరు పోయిందో లేదో చూడటానికి పెద్దమ్మ దగ్గర ఒక అద్దం ముక్క ఉండేది. దాన్ని మూకుడు మీద పట్టేది. ఆవిరి కమ్మితే "ఇంక తడున్నది" అని కొంగుతో తుడిచి, మళ్లీ కలిపేది. అద్దం తేటగా ఉంటే మూకుడు దించేది.

ఒక చలికాలం పొద్దున, పొయ్యి ఇంకా ముట్టించకముందే, పెద్దమ్మ భర్త, ఆ ముసలాయన, పువ్వుల అచ్చుల పక్కనే కూలిపోయాడు. మా అమ్మ పరుగెత్తుకెళ్లి చెయ్యి పట్టి చూసింది. నాడి దొరకక ఏడుపు మొదలుపెట్టింది.

"జర జరుగమ్మా," అంటూ పెద్దమ్మ అద్దాన్ని ఆయన ముక్కు దగ్గర పెట్టింది. కాసేపటికి దాని మీద సన్నటి మసక కమ్మింది.

"ఇంక తడున్నది. ఆటో పిలువుండ్రి," అంది. ఆ మసకను మాత్రం తుడవలేదు.

ఆయన కోలుకుని మళ్లీ పువ్వులు పోశాడు. కానీ అప్పటినుంచి అద్దం తేటపడినప్పుడల్లా పెద్దమ్మ ముందు వెనక్కి తిరిగి ఆయన్ను చూసుకునేది. ఆ తర్వాతే మూకుడు దించేది.