ఎవరికీ అక్కర్లేని క్లాస్‌ని ఎంచుకున్న మా ఉమక్క

నిన్న పొద్దున రైతుబజారులో వంకాయలు ఏరుకుంటుంటే ఉమక్క వాళ్లాయన శేఖర్ బావ ఫోన్ చేశాడు.

"ఉమ లేదురా" అన్నాడు.

"ఏ ఊరెళ్లింది బావా?" అని అడిగాను.
నిజంగానే అడిగాను.

బావ ఏడుపు వినపడ్డాకగానీ నాకు అర్థం కాలేదు.

ఉమక్క మా పెద్దమ్మ కూతురు. కొవ్వూరులో ఉంటుంది, జూనియర్ కాలేజీలో బోటనీ చెప్తుంది. ఉండేది, చెప్పేది అని రాయడానికి ఇంకా చెయ్యి రావట్లేదు. కాలేజీకి తయారవుతూ గుండె పట్టుకుని కూలబడిపోయిందట. అంతే.

సాయంత్రానికి ఒక పోస్ట్ కనపడింది. "మా టేబుల్‌కి ప్రాణం ఉమ గారు" అని. కింద వరసగా ఏడుపు ఎమోజీలు. రాసింది ప్రణీత్.

అది చూశాకే ఇది రాస్తున్నాను.

రాజమండ్రిలో ప్రణీత్ వాళ్ల నాన్నగారి ట్యూషన్ సెంటర్ మేడ మీద మేం ఆదివారాలు రోల్‌ప్లేయింగ్ గేమ్ ఆడేవాళ్లం. కలిసి ఆడే జట్టుని టేబుల్ అంటాం. ఒకరు కథ నడిపిస్తారు. మిగతావాళ్లు తలో క్లాస్, అంటే వీరుడో మాంత్రికుడో, ఎంచుకుని పాత్రని తయారుచేసుకుని, డైస్ వేసుకుంటూ ఆ కథలో బతుకుతారు. నడిపించేది నేను.

ప్రణీత్ పాత్రని తయారుచెయ్యడు. నెట్లో ఎవరో లెక్కలు కట్టి పెట్టినదాన్ని దించుకొస్తాడు. దాన్ని "నా బిల్డ్" అంటాడు.

ఉమక్క ఎంచుకున్నది సగం కత్తి, సగం మంత్రం ఉండే క్లాస్.

రెంటికీ చెడ్డ రేవడి అంటే అదే. ఇనుప కవచం వేసుకుంటే మంత్రం పలకదు. వేసుకోకపోతే రెండు దెబ్బలకే పడిపోతారు. "అక్కా, చెత్త క్లాస్ అది" అని నేనూ చెప్పాను. ఇప్పటికీ అదే అంటాను.

"నెట్లో అందరూ వేస్ట్ అంటున్నారండి" అన్నాడు ప్రణీత్.

"అందుకే తీసుకున్నానయ్యా. బాగున్నవన్నీ వేరేవాళ్లు కట్టేశారుగా. నువ్వు అద్దెకున్నావు."

తన పాత్ర పేరు నూకాలు. చేపలు పట్టే మనిషి. కవచం లేదు, చేతిలో వల. నిప్పులు కురిపించే మంత్రాలన్నీ వదిలేసి, తాడు బిగుసుకునే చిన్న మంత్రం ఒక్కటి తీసుకుంది. వల విసరడం కత్తి వైపు విద్య, బిగించడం మంత్రం వైపు విద్య. రెండూ కలిస్తేనే ఒక పని అవుతుంది.

కానీ అవలేదు. ఏ గొడవ జరిగినా ముందు పడిపోయేది నూకాలే.

"మీరు మా టీమ్‌కి లగేజీ అండి. పాత్ర మార్చండి, లేకపోతే వచ్చేవారం నుంచి రావద్దు. మేడ మాది" అన్నాడు ప్రణీత్. పక్కన మాంత్రికుడిగా ఆడే అతని ఫ్రెండ్ తలూపాడు. నేను ఎంత వాదించినా వినలేదు.

"మార్చను. ఈ పూట ఆడేసి వెళ్తాను" అంది అక్క.

ఆ పూట కథలో నది మధ్య పడవ బోల్తా పడింది.

ఒంటినిండా ఇనుము వేసుకున్న ప్రణీత్ వీరుడు రాయిలా మునిగిపోయాడు. మాంత్రికుడు నోరు తెరిస్తే మంత్రం రాలేదు, నీళ్లు పోయాయి. అక్క కుర్చీలోంచి లేచి నిలబడి డైస్ వేసింది. వల ఇద్దరి మీదా పడింది. మళ్లీ వేసింది. వల బిగిసింది. ఇద్దర్నీ నది మధ్య ఇసుక లంక మీదకి లాగి పడేసింది.

తన ఊపిరి కోసం వేసిన డైస్ మాత్రం తప్పింది. నూకాలు నీళ్లలోనే ఉండిపోయింది.

తర్వాత ప్రణీత్ అన్నాడు, "లక్ అండి. పైగా మీ తమ్ముడు మీ కోసమే నది పెట్టాడు."

"గోదారి ఒడ్డున పుట్టి, పడవలోకి ఇనుము తొడుక్కుని ఎక్కావు. ఆ తెలివి కూడా నెట్లోదేనా?" అని అక్క డైస్ సంచిలో వేసుకుని మెట్లు దిగింది.

మేం ఇళ్లకి చేరేలోపే ప్రణీత్ అక్కనీ నన్నూ వాట్సాప్ గ్రూప్‌లోంచి తీసేశాడు.

ఇప్పుడు ప్రాణం అట. సిగ్గుండాలి.

తర్వాత అక్క కొవ్వూరులో తన ఇంటి వరండాలోనే టేబుల్ వేసింది. తనూ, నేనూ, కాలేజీలో ఇద్దరు మేడమ్‌లు. అక్కడా అదే క్లాస్. అక్కడా ఓడిపోవడమే. అందరం పగలబడి నవ్వేవాళ్లం, అందరికంటే ముందు తనే.

శేఖర్ బావకి ఈ ఆటంటే చిరాకు. మేం మొదలుపెట్టగానే లోపల టీవీ సౌండ్ పెంచేవాడు.

ఇవాళ పొద్దున చుట్టాలు కాస్త పలచబడ్డాక నా పక్కన వచ్చి కూర్చున్నాడు.

"ఆదివారం వస్తారా?"

"రమ్మంటావా బావా?"

"రండ్రా. నాకూ ఓ మనిషిని తయారుచేసి పెట్టండి. లోపల ఒక్కణ్ణే కూర్చోలేను."

వస్తాం బావా.

నువ్వు వెళ్లిరా ఉమక్కా. ఎవరి మెప్పూ అడగకుండా బతికావు. ఎక్కడున్నా నీ మనసు చల్లగా ఉండాలి.